పెద్దతాతకు బట్ట కప్పిందెవరు?

గురువారం మధ్యాహ్నం పన్నెండున్నరకు సిరిసిల్ల బస్టాండులో కరీంనగర్ బస్సెక్కాను. చేతిలో రెండు సంచులు. ఒకదానిలో రెండు జతల బట్టలు, మందుల డబ్బా, మా ఆవిడ కట్టిచ్చిన సద్ది. రెండోదానిలో కొత్త తువ్వాలలో మూట కట్టిన మూడు సేర్ల బియ్యం, కందిపప్పు, చింతపండు, ఒక లేత సొరకాయ. సొరకాయ తొడిమ బయటికి తొంగిచూస్తోంది. కండక్టరు అది చూసి ఎక్కడికని అడిగితే సూరత్‌కని చెప్పాను.

"సూరత్‌ల బియ్యం దొరుకయా పెద్దమనిషీ?" అన్నాడు నవ్వుతూ.

"దొరుకుతయి. ఇవి దొరుకయి," అన్నాను.

శనివారం పెత్రామాస, పెద్దల అమావాస్య. మా వైపు ఆ రోజున చనిపోయిన పెద్దల పేర్లు ఒక్కొక్కటే చెప్పి, ఆ పేరున అయ్యగారికి, అంటే పంతులుకు, బియ్యం, కూరగాయలు ఇస్తారు. మా ఇంట్లో ఏటా అందరి పేరునా ఇస్తాం, ఒక్కరికి తప్ప. ఆయన మా తాతకు అన్న, పేరు రాజలింగం. మగ్గం వదిలి ఫౌజులో చేరాడు. పెద్ద యుద్ధంలో జపాను వాళ్లకు చిక్కి, వాళ్ల చెరలోనే పోయాడు. యుద్ధం ముగిశాక ఒక కాగితం మాత్రం వచ్చింది. బందీగా ఉండగా మరణించాడని అందులో ఉంది. ఎక్కడ, ఎట్లా, ఎవరి చేతుల మీదుగా అన్నది లేదు.

మాది నేతపని ఇల్లు. మాలో ఎవరైనా పోతే చుట్టాలు కొత్త బట్ట తెచ్చి కప్పాకే మట్టి చేస్తారు. ఆ బట్ట తెచ్చినవాళ్లను మూడు తరాలు గుర్తుంచుకుంటారు. చావుకు వెళ్లినవాడు ఇంటికి తిరిగొస్తే ఆడవాళ్లు మొట్టమొదట అడిగేది కూడా అదే, బట్ట ఎవలు కప్పిండ్రు అని. రాజలింగం తాత భార్య ఎల్లవ్వ నానమ్మ కాగితం చూసి ఏడ్చింది గాని గాజులు తీయలేదు. పెత్రామాస వచ్చినప్పుడల్లా కులపెద్దలు బియ్యం ఇవ్వమంటే, "నా పెనిమిటికి బట్ట ఎవలు కప్పిండ్రో చెప్పుండ్రి, అప్పుడిస్త" అనేది. పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. గాజులతోనే కాటికి వెళ్లింది. పోయేముందు ఆ పంతాన్ని తన ఒక్కగానొక్క కూతురు లచ్చవ్వకు అప్పజెప్పి పోయింది.

లచ్చవ్వ నాకు మేనత్త వరస. తండ్రి ఫౌజుకు వెళ్లేనాటికి కడుపులో ఉంది. ఇప్పుడు ఎనభై నాలుగేళ్లు. నలభై ఏళ్లుగా కొడుకు నర్సయ్యతో సూరత్‌లో ఉంటోంది. నేను ముప్పై ఆరేళ్లు పోస్టుమాన్‌గా చేసి రిటైరైనవాణ్ణి. చేరాల్సిన చోటికి చేరని కబురంటే నాకు పంటికింద రాయి. ఒకసారి కరీంనగర్‌లో పాత సైనికుల వ్యవహారాలు చూసే ఒక పెద్దాయన, రాజలింగం తాత పేరు బర్మాలో రాతి మీద చెక్కి ఉందని ఫోటో చూపించాడు. గర్వంతో ఉబ్బిపోయి అత్తకు ఫోన్ చేశాను. "పేరు చెక్కిండ్రు, మంచిగైంది. బట్ట సంగతేంది?" అంది. 

శ్రావణంలో నర్సయ్య ఫోన్ చేశాడు. అతను ఖటోదరాలోని మగ్గాల కార్ఖానా నుంచి బట్ట తాకాలు, అంటే తాన్లు, మోసుకుపోయి సలాబత్‌పురాలో ఒక దుకాణంలో దింపుతాడు. పన్నెండేళ్లుగా అదే దుకాణం. యజమాని యూసుఫ్ భాయ్‌ది తపతికి అవతల ఉన్న రాందేర్. వాన పడి పని ఆగిన ఓ సాయంత్రం మాటల్లో మాటగా, తన తాత రంగూన్‌లో బట్టల వ్యాపారం చేసేవాడనీ, అక్కడి జైల్లో చనిపోయిన ఖైదీ సిపాయిలకు మట్టి ఇచ్చేవాడనీ చెప్పాడట. వాళ్ల పేర్లు రాసిన నోటుబుక్కు ఇంట్లో ఉందట. నర్సయ్య మా రాజలింగం తాత పేరు చెప్పాడు. మర్నాడు యూసుఫ్ భాయ్, "ఉంది. తండ్రి పేరుతో సహా ఉంది. మీ అమ్మను ఇంటికి తీసుకురా. దుకాణంలో నిలబడి చదివేది కాదు" అన్నాడట. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

అత్త వెంటనే వెళ్లలేదు. పెత్రామాస నాడే పోతానంది. నాకు హుకుం జారీ చేసింది. "మన ఊరి బియ్యం తీస్కరా. బుక్కుల బట్ట మాట ఉంటె మా అయ్య పేరున ఇస్త. లేకుంటె మూట ఇప్పకుండ వాపస్ తీస్కపో."

మా వైపు అంత్యక్రియలకు వెళ్లడాన్ని మట్టికి పోవడం అంటారు. వెళ్లొచ్చినవాడు వాకిట్లోనే స్నానం చేసి ఇంట్లో అడుగుపెట్టాలి. బయలుదేరేటప్పుడు మా ఆవిడ గడప దగ్గర నిలబడి, "ఇప్పుడు నువ్వు పండుగకు పోతున్నట్టా, మట్టికి పోతున్నట్టా? వచ్చేనాడు వాకిట్ల నీళ్లు పెట్టాల్నా, వద్దా?" అంది.

"నాకెర్కనా? తిరుగుబండి ఎక్కినంక చెప్త."

"అప్పుడే చెప్పు. నడుమల సగం సగం చెప్పకు, నా పాణం ఊకోదు."

కరీంనగర్‌లో బస్సు మారి, నాలుగున్నరకు వరంగల్ చేరాను. చెన్నై నుంచి అహమ్మదాబాద్ పోయే ఎక్స్‌ప్రెస్ ఏడున్నర దాటాక రావాలి. స్లీపర్ టికెట్ నెల ముందే తీశాను. పెత్రామాస, బతుకమ్మ రోజుల్లో ఆఖరి నిమిషంలో వెళ్లేవాళ్లకు నిలబడే చోటు కూడా దొరకదని ఈ దారిన పోదామనుకునేవాళ్లకు ముందే చెబుతున్నాను. ముసలివాళ్లకు రాయితీ కూడా ఇప్పుడు లేదు. బండి ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. నేను మనసులో రైల్వే వాళ్లను నాలుగు తిట్టి ఎక్కాను.

నా ఎదుటి సీట్లో జమ్మికుంట వైపు ఆమె ఒకతి, ఒళ్లో గోనెసంచి నిండా గునుగు పూలతో కూర్చుంది. సూరత్‌లో డిండోలీ దగ్గర కూతురింటికి వెళ్తోంది. "ఆడ బంతిపూలు గంపలకు గంపలు దొరుకుతయన్నా. గునుగు లేకుంటె అది బతుకమ్మెట్లయితది?" అంది. గంటకోసారి చేతిని నీళ్లలో తడిపి పూల మీద చిలకరించేది. ఆ నీళ్లు సగం నా లుంగీ మీదే పడ్డాయి.

పై బెర్తు మంచిర్యాల అబ్బాయిది. ఫౌజులో ఉన్నాడు, సెలవు అయిపోయి గుజరాత్‌లో డ్యూటీకి పోతున్నాడు. నేను సద్ది విప్పుతూ సంచిని సీటు కిందికి తోస్తుంటే ఏముందని అడిగాడు. చెప్పాను. అతను తినడం ఆపి కిందికి దిగాడు.

"కింద పెట్టకుండ్రి సార్, కాళ్లు తగులుతయి," అని సంచిని రెండు చేతులా ఎత్తి తన బెర్తు మీద తల దగ్గర పెట్టుకున్నాడు. ఆరడుగుల మనిషి సొరకాయ పక్కన ముడుచుకుని పడుకున్నాడు. నాకు ఆ పిల్లాడి మీద, మా తాత మీద ఒకేసారి గర్వం కలిగింది.

పొద్దున ఏడున్నరకు భుసావల్. అక్కడ అరటిపండ్లు కొనకుండా వచ్చేవాణ్ణి మావాళ్లు మనిషిగా లెక్కవేయరు. డజను తీసుకున్నాను. నందుర్బార్‌లో పోహా, చాయ్. ఆ తర్వాత పత్తి చేలు, వానకు పచ్చగా ఉన్న గుట్టలు. మధ్యాహ్నం రెండుంబావుకు సూరత్ స్టేషన్‌లో దిగాను. మిలిటరీ అబ్బాయి సంచిని నా చేతికిచ్చి, చెప్పులు విడిచి దానికి దండం పెట్టి మళ్లీ బండెక్కాడు. పేరు అడగడం మరిచిపోయాను. ముప్పై ఆరేళ్లు ప్రతి కవరు మీదా పేరు చూసి పంచినవాణ్ణి, అసలు అడగాల్సినవాణ్ణి అడగలేదు.

నర్సయ్య స్టేషన్ బయట ఆటోతో ఉన్నాడు. డిండోలీని ఆనుకుని ఉన్న నవాగామ్‌లో వాళ్లది రెండు గదుల ఇల్లు. సందు మొదట్లో ఒడియా హోటలు, చివర్లో మరాఠీ వాళ్ల గణపతి గుడి, మధ్యలో వరసగా మనవాళ్లు. అత్త గడప మీదే కూర్చుని ఉంది. నన్ను చూడలేదు, సంచిని చూసింది.

"బియ్యానికి ఎవ్వల కాళ్లు తగల్లేదు గద?"

"ఫౌజీ జవాను కావలి కాసిండు అత్తా," అన్నాను.

"అట్లనా!" అని మొదటిసారి నవ్వింది.

ఆ సాయంత్రం నర్సయ్య మర్నాటి ఏర్పాట్లు చెప్పాడు. పొద్దున రాందేర్. అక్కడ బుక్కు చదివించుకుని, బట్ట మాట ఉంటే పదకొండుకు తపతి ఘాట్ దగ్గర మన అయ్యగారు సిద్ధంగా ఉంటాడు, ఆయనకు బియ్యం ఇవ్వాలి. "లేకుంటె?" అన్నాను మెల్లగా. నర్సయ్య తల్లి వైపు చూశాడు. అత్త, "లేకుంటె వచ్చే ఏడు అడుగుడు లేదురా. నేనుంట్నా అప్పటిదాంక?" అంది. మాట మామూలుగానే అంది. మూట ముడిని మాత్రం ఇంకోసారి బిగించింది.

శనివారం ఏడింటికల్లా స్నానాలు చేసి బయలుదేరాం. అత్త మంచినీళ్లు కూడా ముట్టలేదు. బియ్యం ఇచ్చేదాకా ముట్టనంది. ఆటో మాట్లాడదామంటే, "బస్సుంది గద" అని సిటీ బస్సెక్కింది. వంతెన మీదికి రాగానే తపతి నిండుగా, మట్టిరంగులో పారుతోంది. కొంగుతో మూటను గట్టిగా పట్టుకుని, అత్త కిటికీలోంచి నీళ్లకు దండం పెట్టింది. ఎనిమిదిన్నరకు రాందేర్‌లో దిగాం.

రాందేర్ పాత ఊరు. ఇరుకు సందులు, చెక్కిన కొయ్య బాల్కనీలు, పాత మసీదులు. ఆ ఊరివాళ్లు ఒకప్పుడు రంగూన్‌కు వెళ్లి వ్యాపారాలు చేశారనడానికి సాక్ష్యం కోసం పుస్తకాలు తిరగెయ్యక్కర్లేదు. సందు మలుపులో కొబ్బరిపాల పులుసులో వేసిన సేమ్యాలాంటి బర్మా తిండి, పేరు ఖావ్‌సా, గిన్నెల్లో పోసి అమ్ముతున్నారు. ఆలూ పూరీ బండ్ల వాసన మా ఖాళీ కడుపులను బాగా పరీక్షించింది.

యూసుఫ్ భాయ్‌కి డెబ్బై దాటి ఉంటాయి. తెల్ల లాల్చీ, మోకాళ్ల నొప్పితో అడుగు తీసి అడుగు వేసే నడక. గుమ్మం దాకా వచ్చి, అత్తను "ఆవో బహెన్" అని లోపలికి తీసుకెళ్లి కుర్చీ వేశాడు. అత్త కుర్చీలో కూర్చోలేదు. మూటను ఒళ్లో పెట్టుకుని చాప మీద కూర్చుంది. ఆయన కూడా నొప్పి మోకాళ్లతోనే కిందికి దిగి ఎదురుగా కూర్చున్నాడు. బల్ల మీద పచ్చ గుడ్డలో చుట్టిన నోటుబుక్కు. అది దుకాణం పుస్తకం కాదు. ఆయన తాత రోజూ చదువుకునే ప్రార్థనల పుస్తకం. చివర్లో ఖాళీగా ఉన్న కాగితాల్లో, చచ్చిపోయిన ఖైదీల పేర్లు గుజరాతీలో సన్నటి అక్షరాలతో రాసి ఉన్నాయి. రోజూ నమాజు తర్వాత ఆ పేర్లు కూడా చదివేవాడట. ఆయన తర్వాత కొడుకు, ఇప్పుడు యూసుఫ్ భాయ్.

"అంటే మా అయ్య పేరు రోజూ పిలుస్తరా?" అంది అత్త.

"రోజూ, బహెన్. ఎవరో తెలియదు. పేరు మాత్రం నోటికి వచ్చు."

 రాజలింగం తాత పేరు మా ఇంట్లో పెత్రామాస నాడు కూడా పలకలేదు. ఈ ఇంట్లో ఎనభై ఏళ్లుగా పలుకుతున్నారు.

యూసుఫ్ భాయ్ కళ్లజోడు పెట్టుకుని గుజరాతీలో చదివి, హిందీలో చెప్పాడు. నలభై ఏళ్లు సూరత్‌లో బతికిన అత్తకు రెండూ అర్థమవుతాయి. అయినా నర్సయ్యను తెలుగులో మళ్లీ చెప్పమంది. అందులో ఉన్నది ఇంతే.

"రాజలింగం, తండ్రి మల్లయ్య, నిజాం రాజ్యం, నేతపనివాడు. జ్వరంతో పోయాడు. జైల్లో గోనెసంచుల నుంచి పోగులు లాగి, పేని, తోటివాళ్ల చిరుగులన్నీ కుట్టేవాడట. ఎముకను అరగదీసి సూది చేసుకున్నాడట. శవాన్ని బయటికి మోసుకొచ్చిన తోటి ఖైదీలు నా దగ్గరికి వచ్చి, మా అందరి ఒళ్లూ కప్పినవాడు, ఇతనికి మంచి బట్ట ఇవ్వండి అని అడిగారు. దుకాణంలో కొత్త మల్లు తాకా ఉంటే విప్పి, మనిషి నిడివికి రెండింతలు చింపి కప్పాను. జపాను వాళ్లు చితికి కట్టెలు ఇవ్వలేదు. మీలో మట్టి చేయవచ్చా అని అడిగాను. చేస్తాం అన్నారు. తల ఏ దిక్కున పెట్టాలి అని అడిగితే దక్షిణం అన్నారు. అట్లాగే పెట్టాం. మట్టి వేసినవాళ్లు ముగ్గురు హిందువులు, ఇద్దరు ముసల్మానులు, నేను."

 అత్త చెయ్యెత్తి, "కొత్తదేనా?" అని అడిగింది.

"కొత్త తాకా, బహెన్. విప్పి కప్పానని రాశారు."

"మళ్లోపారి చదువుమనురా."

ఆయన మళ్లీ చదివాడు. అత్త ఏడవలేదు. నేనే ఏడ్చాను, ముసలి పోస్టుమాన్‌ని, ముక్కు చీదుకుంటూ. అత్త తల ఎత్తి, "చూసినవా, మా అయ్య చెరలో కూడ సాలె పని ఇడిసిపెట్టలె. తుపాకి గుంజుకున్నరు గాని చేతుల పనిని ఎవ్వడు గుంజుకోలేకపోయిండు" అంది. ఆ ముఖంలో గర్వం నేను ఏ కలెక్టరు ముఖంలోనూ చూడలేదు.

గోడ గడియారంలో పదింబావు అయింది. నర్సయ్య లేచి, "పోదామే, అయ్యగారు ఘాట్ కాడ చూస్తుంటడు" అన్నాడు. అత్త కదల్లేదు. మూట ముడి మీద చెయ్యి పెట్టింది.

"అయ్యగారికెందుకురా? బట్ట కప్పినోళ్లు ఈడ ఉన్నరు."

నర్సయ్య బిత్తరపోయాడు. నేనూ అంతే. పెత్రామాస బియ్యం తీసుకోవడానికి మాలో ఒక వరస ఉంటుంది, ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వరు. పైగా ఆయన సలాబత్‌పురాలో దుకాణమున్న మనిషి. యూసుఫ్ భాయ్‌కి సంగతి అర్థమై, చేతులు జోడించాడు.

"బహెన్, తప్పుగా అనుకోకండి. మా ఇంట్లో ఖైరాత్ తీసుకునే అలవాటు లేదు. బీదవాళ్లకు ఇద్దాం, నేనే తీసుకెళ్తాను."

అత్త హిందీ, తెలుగు కలిపి జవాబిచ్చింది. "ఖైరాత్ కాదు భయ్యా. మా కులంల బట్ట కప్పెటోడు సుట్టమే. మా అవ్వ అరవై ఏండ్లు ఆ సుట్టం పేరు కోసం గాజులు తియ్యలె. ఇయ్యాల దొరికిండు. సుట్టం ఇంటికి ఒట్టి చేతులతోని వస్తరా?"

 ఆయన లోపలికి చూసి భార్యను పిలిచాడు. ఆమె చేతులు కడుక్కుని వచ్చి, తలమీది ఓఢ్నీ అంచు పట్టింది. అత్త మూట విప్పి, "మా అయ్య రాజలింగం పేరున" అని మొదటి దోసిలి పోసింది. అంతవరకు ఏడవని మనిషి అప్పుడు కొంగుతో కళ్లు తుడుచుకుంది. రెండో దోసిలి నర్సయ్య, మూడోది నేను. సొరకాయ, పప్పు, చింతపండు పళ్లెంలో పెట్టాం.

ఘాట్ దగ్గరున్న అయ్యగారికి నర్సయ్య భయపడుతూ ఫోన్ చేసి విషయం చెప్పాడు. తిడతాడని మేమంతా చెవులు రిక్కించాం. ఆయన, "మంచి పనైంది. పేరు, తండ్రి పేరు చెప్పు, నేను ఈడ నీళ్లు ఇడుస్త" అన్నాడు. అత్త ఫోన్ లాక్కుని తనే చెప్పింది. అదృష్టం బాగుంటే అయ్యగార్లు కూడా మంచివాళ్లే దొరుకుతారు.

ఆ బియ్యంలో సగం అప్పుడే వండారు. సొరకాయ పప్పు ఆ ఇంటావిడ చేసింది. దానితో పాటు మా కోసమని మాంసం లేకుండా వండిన ఖావ్‌సా. అత్త మొదటి ముద్ద యూసుఫ్ భాయ్ విస్తట్లో పెట్టించి, ఆయన తిన్నాకే నీళ్లు తాగింది. రంగూన్ తిండి మాత్రం రెండు చెంచాలు తిని, "తియ్యగుంది, మిరపకాయ మర్చిపోయిన్రు" అని నా చెవిలో చెప్పింది.

సాయంత్రం నవాగామ్ సందులో ఎంగిలిపూల బతుకమ్మ. రైల్లో కలిసిన గునుగు ఆమె కూతురిల్లు పక్క సందులోనే. సంచి తెచ్చి పూలు పంచింది. అత్త గుండ్రంగా తిరుగుతూ ఆడలేదు గాని చప్పట్లు కొడుతూ వరసలో నిలబడింది. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ, "మా అయ్యకు కొత్త తాకా ఇప్పి కప్పిండ్రు" అని చెప్పింది. సందు చివరికి చేరేసరికి ఆ తాకా పట్టుతాకా అయింది. నేను దిద్దలేదు.

ఆదివారం నర్సయ్య నన్ను కతార్‌గామ్ వైపు తీసుకెళ్లి, ఒకప్పటి తెల్ల వ్యాపారుల సమాధులు చూపించాడు. గుమ్మటాలు, స్తంభాలు, మేడల మాదిరి. సూరత్ వచ్చేవాళ్లు చూడదగినవే. ఇదివరకైతే నాకు కడుపు మండేది, సరుకు అమ్ముకున్నవాళ్లకు ఇంత, సిపాయికి ఇంత మట్టి అని. ఆ రోజు మండలేదు. ఆ గుమ్మటాల కింద ఉన్నవాళ్ల పేర్లు రోజూ పొద్దున ఎవరైనా పిలుస్తున్నారా? నా తాత పేరు పిలుస్తున్నారు.

తిరుగుబండి అర్ధరాత్రి దాటాక ఉంది. ఎక్కి పడుకుంటే భుసావల్‌లో మెలకువ వచ్చింది. ఇప్పుడు సంచి ఒకటే. మధ్యాహ్నం బల్లార్షా దాటి తెలుగు మాటలు వినపడుతుంటే, పక్కన కూర్చున్న సింగరేణి ఉద్యోగి ఎక్కడినుంచి రాక అని అడిగాడు.

"సూరత్ నుంచి. మట్టికి పోయొస్తున్న," అన్నాను.

"అయ్యో, ఎవలు పోయిండ్రు?"

"మా పెద్దతాత."

ఆయన నా నెరిసిన తల చూసి, లెక్క కుదరక నోరు తెరిచాడు. చెప్పాను. మొత్తం చెప్పేసరికి మంచిర్యాల వచ్చింది. ఆయన దిగుతూ నా చెయ్యి పట్టుకుని ఊపి వెళ్లాడు.

బండి కదిలాక మా ఆవిడకు ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తింది, నాలుగు రోజులుగా ఫోన్ పక్కనే పెట్టుకున్నట్టుంది.

"రాత్రి పదింటికి ఇంటికొస్త. వాకిట్ల నీళ్లు పెట్టు," అన్నాను.

 మా ఇళ్లలో ఆడవాళ్లు మొట్టమొదట అడిగే మాటే అడిగింది.

"బట్ట ఎవలు కప్పిండ్రు?"

"మన సుట్టమే," అన్నాను. "రాందేరాయన."